తూము మూసిన చెరువు

ఇది నేను ఇన్నాళ్ళూ రాయలేదు. మొదటి కారణం, నాకు రాయడం రాకపోవడం. యాభై దాటిన తరువాతే అక్షరాలు నేర్చుకున్నాను. మా ఊరి చెరువుకట్ట మీద పక్షుల బొమ్మలతో ఒక పెద్ద బోర్డు పెట్టారు. చూడటానికి వచ్చినవాళ్ళు ఆ బోర్డు చదివి, "ఈ తెడ్డుమూతి కొంగ యాడుందమ్మా?" అని నన్ను అడిగేవాళ్ళు. చెట్టు మీద పక్షిని చూపించేదాన్ని. బోర్డు మీద దాని పేరు ఏదంటే మాత్రం చూపించలేకపోయేదాన్ని. చిత్తూరులో టీచరుగా పనిచేసే వసంత ప్రతి ఆదివారం బస్సులో వచ్చి మాతో కలిసి చెరువు మీద పక్షులను కాచేది. ఆ పిల్ల ఇది గమనించి, కట్ట మీదే కూర్చోబెట్టి పలక చేతికిచ్చింది. చదవడం తొందరగానే వచ్చింది. రాయడానికి మాత్రం ఈ మొద్దు వేళ్ళు చాలాకాలం ఒప్పుకోలేదు.

రెండో కారణం, పక్షులు వచ్చినన్నాళ్ళూ నాకు తీరిక లేదు. ఇప్పుడు తీరికే తీరిక.

తిరుపతిలో ఉండే పక్షిప్రేమికుల సంఘాన్ని ఇప్పుడు వసంతే నడుపుతోంది. "కొత్తగా వచ్చే పిల్లలకు నీ అనుభవాలు రాసియ్యక్కా. వాళ్ళకు రొంత ధైర్యం వచ్చేట్టు రాయి" అంది. ధైర్యం వస్తుందో రాదో నాకు తెలియదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. మా ఊరు పూతలపట్టు దగ్గర రోడ్డు దిగి లోపలికి పోతే వస్తుంది. పేరు రాయడం లేదు. ఆ పేరు చూసుకుని ఎవరైనా దూరం నుంచి పక్షుల కోసం వస్తే, వాళ్ళకు చూపించడానికి అక్కడ ఏమీ లేదు.

చప్పుడు లేని పండుగ

మా పుట్టిల్లు నగరి. మగ్గాల ఇల్లు. రోజంతా మగ్గం చప్పుడు, దీపావళికి వీధంతా టపాకాయల చప్పుడు. పెళ్ళయి ఈ ఊరు వచ్చిన మొదటి దీపావళికి మా నాయన ఒక సంచీ నిండా టపాకాయలు పంపించాడు. మా అత్త ఆ సంచీ తీసుకుని అటక మీద పెట్టేసింది.

"ఈడ కాల్సకూడదు మే. సెట్ల మీద బిడ్డతల్లులు ఉండారు" అంది.

ఎవరి బిడ్డతల్లులో నాకు అర్థం కాలేదు. ఊరంతా దీపాలు పెట్టుకుని, గట్టిగా మాట్లాడకుండా పండుగ చేసుకుంటోంది. నేను వంటింట్లో కూర్చుని ఏడ్చాను. తెల్లవారి అత్త నన్ను కట్ట మీదికి పిలుచుకుపోయింది. చెరువు లోపల నల్లతుమ్మ తోపు ఉంది. ప్రతి చెట్టు మీదా ఎర్రకాళ్ళ కొంగలు, గూడబాతులు, నీటికాకులు. కొమ్మలు కనబడనంతగా ఉన్నాయి. అప్పుడే పుల్లలు తెచ్చి గూళ్ళు కడుతున్నాయి. ఆ సమయంలో పెద్ద చప్పుడు వింటే కడుతున్న గూడు వదిలేసి పోతాయి. అందుకని ఆ ఊళ్ళో ఎన్ని తరాలుగానో ఎవరూ టపాకాయ కాల్చలేదు. పిల్లలు మరీ ఏడిస్తే మేనమామల ఊళ్ళకు పంపించేవాళ్ళు.

ఇందులో భక్తి ఎంతో, లెక్క కూడా అంతే. పక్షుల రెట్టలు కలిసి చెరువు నీళ్ళు పచ్చగా ఉండేవి. ఆ నీళ్ళు పారిన మడికి వేరే ఎరువు అక్కరలేదు. కొంగ ఊరికి చుట్టమైంది అందుకే. కొత్తగా ఈ పనికి వచ్చే పిల్లలు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. పక్షిని ఊరికి అవసరమైనదిగా ఉంచినన్నాళ్ళే ఊరు దాన్ని కాపాడుతుంది.

కాపలా

నా పని మొదట్లో ఊరికే చేసిన పని. మా ఆయన పోయిన తరువాత సంఘంవాళ్ళు నన్ను కాపలా మనిషిగా పెట్టుకున్నారు. పని ఎలా వచ్చిందో ఎలా ముగిసిందో చెప్పి విసిగించను.

దూరం నుంచి ఆ తోపు చాలా అందంగా ఉంటుంది. దగ్గరికి పోతే కుళ్ళిన చేపల కంపు. తలమీద రెట్ట పడని రోజు ఉండదు. గాలికి గూట్లోంచి పిల్ల జారి పడితే మామిడికాయలు కోసే చిక్కంలో దాన్ని పెట్టి, గడకర్రతో పైకెత్తి మళ్ళీ గూట్లో దింపేదాన్ని. అది భయపడి, తిన్న చేపలన్నీ నా మొహం మీద కక్కేది. ఏ పిల్ల ఏ గూటిదో తెలియక తప్పు గూట్లో పెడితే ఆ ఇంటి తల్లి పొడిచి మళ్ళీ కిందికి తోసేది. మీరు ఫోటోల్లో చూసి ఈ పనికి వస్తారు. వచ్చినాక మొదట అలవాటు చేసుకోవలసింది కంపుకు.

మిగతా సమయమంతా మనుషులతోనే. ఒకసారి తిరుపతి నుంచి ఒక పెళ్ళి జంట ఫోటోలు తీయించుకోవడానికి వచ్చింది. పిల్ల ఎర్ర చీర, పిల్లోడు కళ్ళద్దాలు, వెంట ఒక ఫోటో అబ్బాయి.

"అవ్వా, ఒకే ఒక్క షాటు. పక్షులన్నీ ఒకేసారి లేచి ఎగరాల. వీళ్ళు ముందు నిలబడతారు. నువ్వు రొంత కేకెయ్" అన్నాడు ఫోటో అబ్బాయి.

"నీ పెళ్ళి పంక్తిలో అందురూ ఒకేసారి లేసి పరిగెత్తితే నీకు బాగుంటాదా నాయనా?" అన్నాను.

పెళ్ళికొడుకు పెద్దగా నవ్వాడు. పెళ్ళికూతురు "వద్దులే పోదాం" అంటోంది. ఇంతలో ఫోటో అబ్బాయి తన డ్రోన్‌ను పైకి వదిలేశాడు. తోపు మొత్తం లేచింది. ఆకాశం కనబడలేదు. వాళ్ళకు కావలసిన ఫోటో వచ్చింది. పక్షులు మళ్ళీ దిగేలోపల కాకులు గూళ్ళల్లోకి దిగాయి. గుడ్లు ముక్కున పట్టుకుని ఎగిరిపోతుంటే కింద నిలబడి రాళ్ళు విసిరాను. ఒక్క రాయీ తగల్లేదు. పెళ్ళికూతురు కట్ట మీద కూర్చుని ఏడ్చింది. మంచి పిల్ల. పక్షులంటే ఇష్టమనే ఇంత దూరం వచ్చామని చెప్పింది.

నేను చూసినంతలో, కొంగలంటే ఇష్టం లేనివాడు కట్ట ఎక్కడు. ఇష్టం ఉన్నవాడే దగ్గరికి వస్తాడు. నష్టం కూడా దగ్గరికి వచ్చినవాడి వల్లే. ఈ మాట చెబితే సంఘంలో కొందరు నొచ్చుకున్నారు. ఆ తరువాత జరిగింది చూసి ఇప్పుడు నొచ్చుకోవడం లేదు.

సుందరమూర్తి సారు, కుప్పయ్య బావ

సంఘం పెట్టిన సుందరమూర్తి సారు బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. నేను చూసిన పెద్దవాళ్ళలో అంత మర్యాద తెలిసినవాడు లేడు. నన్ను ఒక్కనాడూ కసిరింది లేదు. తన మెడలోని బైనాక్యులర్ తీసి ముందు నాకు ఇచ్చి, నేను చూసినాకే ఆయన చూసేవాడు.

కుప్పయ్య మా ఊరి నీరుగంటి. అంటే తూము ఎత్తి, ఏ మడికి ఎంతసేపు నీళ్ళు పారాలో చూసేవాడు. వరసకు నాకు బావ. ఎప్పుడూ ఎగతాళే. "ఏం సెంగమ్మా, మీ అత్తగారింటోళ్ళు బాగుండారా?" అని కొంగలను చూపించి అడిగేవాడు.

ఒక ఏడు వానలు సరిగా పడలేదు. చెరువు అడుగుకు వస్తోంది. గూళ్ళల్లో పిల్లలకు ఇంకా రెక్కలు రాలేదు. నీళ్ళు పోతే చెట్ల చుట్టూ నేల బయటపడి కుక్కలూ నక్కలూ లోపలికి వస్తాయి, చేపలూ ఉండవు. ఆ పక్క మళ్ళల్లో పైరు పొట్ట మీద ఉంది. సారు తూము దగ్గరికి వచ్చి కుప్పయ్య బావ ముందు చేతులు జోడించాడు.

"ఇంకొక నెల ఆపు కుప్పయ్యా. పిల్లలు ఎగిరిపోతాయి."

"మీ పిల్లోళ్ళకు రెక్కలు రావాల. నా పైరుకు గింజ రావాల. ఉండేది ఇన్ని నీళ్ళు. ఎవుర్ని సావమంటారు సారూ?"

రచ్చబండ దగ్గర ఊరంతా కూర్చుని పొద్దుగూకేదాకా మాట్లాడారు. చివరికి కాలువ చివరి మళ్ళను ఎండబెట్టడానికి ఒప్పుకున్నారు. అందులో కుప్పయ్య బావ మడి కూడా ఉంది. తూము ఆయనే దించాడు. "పండగ నాడు ఈ కొంగలు మా ఇంటికి బియ్యం తెస్తాయేమో సూడాల" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆ ఏడు పిల్లలు ఎగిరాయి. ఆ ఏడు తూము మూయడం సరైన పనే. ఇప్పటికీ అదే అంటాను.

తప్పు తరువాతి ఏడు జరిగింది. చెరువును పక్షుల కోసమని ప్రభుత్వంవాళ్ళు ప్రకటించారు. ఒక ఏడు మేలు చేసిన పని ప్రతి ఏడూ మేలు చేస్తుందని అందరం నమ్మాము. తూము శాశ్వతంగా మూసేశారు. దాన్ని ఎత్తే కడ్డీని తెచ్చి నా కాపలా గుడిసెలో పెట్టారు. సభ జరిగింది. అందరం చప్పట్లు కొట్టాము. కుప్పయ్య బావ నీరుగంటి పని అక్కడితో పోయింది. "కొంగలకు నీళ్ళు పారగట్టే పనేమన్నా ఉంటే సెప్పమ్మా, ఒంగి తాగను వాటికి కష్టంగా ఉండాదేమో" అన్నాడు. రైతులు బోర్లు వేసుకుని మామిడి పెట్టుకున్నారు. బోర్లు ఎండినవాళ్ళు భూమి అమ్ముకున్నారు. కాలువ మీద లేఅవుటు వచ్చింది, రోడ్డు వచ్చింది, ఇళ్ళు వచ్చాయి. చెరువు నీళ్ళతో ఊరికి పని లేకుండా పోయింది.

తరువాత వరుసగా మంచి వానలు. నడివేసవిలో చెరువు నిండుగా ఉంది. అంతకుముందు ఎప్పుడూ అలా చూడలేదు. సారు తిరుపతి నుంచి మైసూరుపాకు తెచ్చి కట్ట మీద అందరికీ పంచాడు.

వేళ్ళు

ఆ మరుసటి ఏడు తోపు ఆకు పసుపు పచ్చగా మారింది. పురుగు పట్టిందన్నారు. రెట్టలు ఎక్కువై ఆకు మాడిందన్నారు. చూడటానికి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పి, ఫోటోలు తీసుకుని పోయారు. ఇంకో ఏడు గడిచేసరికి సగం చెట్లకు ఆకే లేదు. కొంగలు ఆ మోడుల మీదే గూళ్ళు కట్టాయి. నీడ లేక పిల్లలు ఎండకు మాడిపోయాయి. తల్లులు రెక్కలు విప్పి పిల్లల మీద గొడుగులా పట్టుకుని నిలబడేవి. మధ్యాహ్నమంతా అలాగే. తిండికి పోతే నీడ లేదు, నీడ పడితే తిండి లేదు. ఆ పని చూస్తూ నేను కట్ట మీద కూర్చున్నాను. చిక్కంతో చేయగలిగింది ఏమీ లేదు.

ఒకరోజు గాలివానకు పెద్ద చెట్టు ఒకటి గూళ్ళతో సహా కట్ట పక్కన పడింది. సారు వచ్చి, బురదలోకి దిగి దాని వేళ్ళు పట్టుకున్నాడు. చేతిలోనే ఊడి వచ్చాయి. నల్లగా, మెత్తగా, మురుగు వాసన. ఆయన వాటిని చేతిలో తిప్పి చూశాడు.

"ప్రతి వేసవికీ చెరువు ఎండేది కదా చెంగమ్మా" అన్నాడు.

"అవును సార్. పిల్లోళ్ళు ఆ చెట్ల కిందే ఆడుకునేవాళ్ళు. మేకలు తుమ్మకాయలు తినేవి."

"ఎండినప్పుడే వేళ్ళు ఊపిరి తీసుకునేవి. మనం ఆ ఊపిరి తీసేసినాము."

ఆయనే మళ్ళీ అడిగాడు. "నేనే చంపినానా?"

కాదని చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఆ బురద చేతులు చూస్తూ అబద్ధం చెప్పలేకపోయాను. చెంబుతో నీళ్ళు తెచ్చి ఆ చేతుల మీద పోశాను.

తరువాత చాలామంది "మేము అప్పుడే అనుకున్నాం" అన్నారు. ఎవరూ అనుకోలేదు. కుప్పయ్య బావ గొడవంతా పైరు కోసం. నా గొడవంతా కొంగ పిల్లల కోసం. సారు పుస్తకాలన్నీ పక్షుల గురించి. ఏటేటా తూము ఎత్తి చెరువును ఖాళీ చేసిన రైతు తన మడి కోసం చేస్తూ చేస్తూ ఆ చెట్లను బతికించాడు. ఆ సంగతి ఆ రైతుకూ తెలియదు.

గుడిసెలోంచి కడ్డీ తెచ్చి కుప్పయ్య బావ చేతే తూము ఎత్తించాము. నీళ్ళు పాత కాలువను వెతుక్కుంటూ పోయి లేఅవుటు ఇళ్ళల్లోకి చేరాయి. మంచాల కింద నీళ్ళు, పిల్లల బడి సంచులు తడిసిపోయాయి. వాళ్ళు మా మీదికి వచ్చారు. వాళ్ళది తప్పు అనలేను. అప్పు చేసి కట్టుకున్న ఇళ్ళు. అప్పటికప్పుడు తూము దించాము. తరువాత ఎవరో దానికి సిమెంటు పోసేశారు. ఆఫీసులో అడిగితే కాలువ ఇప్పటికీ కాగితం మీద ఉందన్నారు.

సారు ఆ తరువాత రాలేదు. బైనాక్యులర్ వసంత చేతికిచ్చి నాకు పంపించాడు. ఒకసారి చిత్తూరు బస్సులో ఆయనను చూశాను. మా రోడ్డు వచ్చినప్పుడు ఆయన కిటికీ వైపు నుంచి మొహం తిప్పుకున్నాడు.

వసంతా, సంఘం పిల్లలూ మట్టి దిబ్బలు పోసి కొత్త తుమ్మ మొక్కలు నాటారు. కొన్ని బతికి ఉన్నాయి. అవి గూడు మోసేంత చెట్లయ్యేసరికి, ఈ చెరువులో పుట్టిన కొంగ ఒక్కటీ బతికి ఉండదు. ఇక్కడ ఒక చెరువు ఉందని ఏ కొంగకూ గుర్తుండదు. మొక్కలు నాటేటప్పుడు నేను ఈ మాట పిల్లలతో అనలేదు. ఇక్కడ రాస్తున్నాను.

దీపావళి

నిరుడు వచ్చినవి కొన్నే. తోపు మీద రెండు చుట్లు తిరిగి, ఎండు కొమ్మ మీద ఒకటి వాలింది. కొమ్మ విరిగింది. అన్నీ లేచి గూడూరు దిక్కుకు పోయాయి. ఈ ఏడు పండుగ దగ్గరికి వచ్చినా ఒక్కటీ రాలేదు.

దీపావళి నాడు పొద్దున కుప్పయ్య బావ మా ఇంటికి వచ్చాడు. వెనక ఊళ్ళో ఆడవాళ్ళు కొందరు. ఆయన అరుగు మీద కూర్చున్నాడు. ఎగతాళి చేయలేదు. అప్పుడే నాకు భయమేసింది.

"పిల్లోళ్ళు అడగతాండారు మే. లేఅవుటోళ్ళు ఎట్లాగూ కాలస్తారు ఈ పొద్దు. మనోళ్ళు నోరు మూసుకోని సూడాల్నా అంటాండారు."

"నన్నెందుకు అడగతావు బావా? నేనేమన్నా సర్పంచినా?"

"నువ్వు వొద్దంటే కాల్సరు. ఊరు ఆ మాట మీద ఉండాది. నువ్వే సెప్పల్ల."

ఒక్కసారి కాలిస్తే మళ్ళీ ఆగదని నాకు తెలుసు. ఇన్నాళ్ళూ ఊరు నోరు కట్టుకున్నది కొంగలు వస్తాయనే నమ్మకం మీద. కార్తీకం దాటి వచ్చిన ఏళ్ళు లేవా? ఉన్నాయి.

"ఇంగా టైముండాది బావా. ఒకవేళ రేపొస్తే?"

"వొచ్చి యాడ కూర్చుంటాయి సెంగమ్మా?"

ఆయన గొంతులో కోపం లేదు. నా జవాబు నిజంగానే వినాలని ఉన్నట్టు నా మొహంలోకి చూశాడు. నా దగ్గర ఒక్క చెట్టు ఉంటే, పచ్చగా ఉన్న ఒక్క కొమ్మ ఉంటే, చూపించి వద్దనేదాన్ని.

"కాల్సుకోమను" అన్నాను.

దీపాలు పెట్టేవేళకు నేను కట్ట మీదికి పోయాను. మొదటి టపాకాయ పేలింది. నా కళ్ళు ఊరి వైపు పోలేదు. బైనాక్యులర్ ఎత్తి తోపు వైపే చూశాను, ఆ చప్పుడుకు ఏదైనా లేస్తుందేమోనని. లేవాలనే కోరుకున్నాను. ఇన్నేళ్ళూ లేవకూడదని కాపలా కాసినదాన్ని, ఆ పొద్దు ఒక్కటైనా బెదిరి లేవాలని కోరుకున్నాను. టపాకాయలు పేలుతూనే ఉన్నాయి. ఏమీ లేవలేదు.

మరునాడు పొద్దున చీపురు, చెత్త ఎత్తే మక్కిరి బుట్ట తీసుకుని కట్టకు పోయాను. పిల్లలు అక్కడికి కూడా వచ్చి కాల్చినట్టున్నారు. కట్ట పొడుగునా ఎర్ర కాగితాలు. తూము దగ్గర నుంచి ఊడవడం మొదలుపెట్టాను. కాసేపటికి కుప్పయ్య బావ వచ్చాడు.

"ఎవురొస్తారని ఊడస్తాండావు మే?"

"ఎవురూ రారు బావా."

ఆయన మక్కిరి అందుకున్నాడు. నేను ఊడ్చి పోగు చేస్తుంటే ఎత్తిపోశాడు. కట్ట అయిపోయిన తరువాత, నీళ్ళ మీద తేలుతున్న కాగితాల కోసం గుడిసెలోంచి చిక్కం తెచ్చాను.